బిలంపేట పెద్దాయన మేలుకొలుపు

నమోదు 1

చీకటి ఉన్నన్నాళ్ళూ మేలుకొలుపు గుమాస్తా నమోదులు రాయాలని నిబంధన. నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన ప్రతిసారీ "విశేషాలేమీ లేవు" అని రాసి, గడువు ముగిశాక భూమికి వెళ్ళిపోయాడు. ఆ నమోదులు ఎవరూ చదవరని నాకు రూఢిగా తెలుసు. అవన్నీ చదివింది నేనొక్కదాన్నే. చదవడానికి ఏదైనా దొరికితే నేను వదలను.

చంద్రుడి మీద పగలు రెండు వారాలు, చీకటి రెండు వారాలు. చీకటి పడగానే ఎండ పలకలకు పని ఉండదు కనుక పెద్దాయన నిద్రపోతాడు. పెద్దాయన అంటే ఈ బిలంలోని ఊరిని నడిపే యంత్రం. కంపెనీ పెట్టిన పేరు చాలా పొడుగు. రాళ్ళు కోయడానికి పల్నాడు నుంచి వచ్చిన మావాళ్ళు దాన్ని పలకలేక పెద్దాయన అనేశారు. ఆయన పడుకున్నాక గాలి పంపు, నీటి పంపు మాత్రం తమ సొంత బ్యాటరీల మీద గుడ్డిగా తిరుగుతాయి. మిగతావన్నీ ఎవరింటి బ్యాటరీ మీద వాళ్ళు నడుపుకోవాలి.

తెల్లవారి పలకల మీద ఎండ పడగానే ఆయన తనంతట తాను లేస్తాడు. ఆపడం గానీ ఆలస్యం చేయడం గానీ ఎవరి చేతిలోనూ లేదు. లేచీ లేవగానే ఊరంతా ఒకసారి కలయజూస్తాడు. ఏ తీగ చివర ఏ పరికరం ఉందో ఒక్కొక్కటే పోల్చుకుంటాడు. తెలిసినది కనిపిస్తే దాని పాత పద్ధతిలో దాన్ని నడిపిస్తాడు. తెలియనిది కనిపిస్తే గుమాస్తాను అడుగుతాడు. ఆ కాసేపట్లో చూసిందే చూసినట్టు. తర్వాత ఏది తగిలించినా, మళ్ళీ చీకటి వచ్చిపోయేదాకా దానికి కరెంటు ఇవ్వడు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా మావాళ్ళ చేబదుళ్ళతోనే. చీకటి పడితే చాలు, ఈ ఊళ్ళో సామాన్లకు కాళ్ళొస్తాయి. ఒకరి పంకా ఇంకొకరి ఇంట్లో, ఒకరి మోటారు ఇంకొకరి గదిలో. అడగడానికి మొహమాటం లేదు, ఇవ్వడానికి అంతకన్నా లేదు. పెద్దాయన మాత్రం వస్తువును గుర్తుపడతాడే తప్ప అది ఎవరింట్లో ఉందో పట్టించుకోడు. పోయినసారి టీ కొట్టు పిచ్చయ్య బాబాయ్, సామ్రాజ్యం అత్త పుట్టగొడుగుల కొట్టం నుంచి తెచ్చుకున్న పంకా తిరిగి ఇవ్వడం మరిచాడు. పెద్దాయన లేచాడు, పుట్టగొడుగుల పంకా అనుకున్నాడు, గంటకోసారి కొట్టం మొత్తం ఊడ్చేసేంత గాలి వదిలాడు. ఇక్కడ బరువు తక్కువ. టీ గ్లాసులు ఎగిరి పక్క వీధిలో దిగాయి.

కనుక తెల్లవారబోయే ముందు ఇంటింటికీ వెళ్ళి "ఎవరివి వాళ్ళకు ఇచ్చేయండి" అని గట్టిగా చెప్పడం గుమాస్తా పని. నేను గుమ్మం బయట నిలబడి దగ్గుతాను. లోపలినుంచి "దగ్గమ్మాయి వచ్చింది, పంకా ఇచ్చేసి రాండి" అని కేక వినిపిస్తుంది. నేను వెళ్ళిపోతాను. పదేళ్ళు కాన్వెంటులో చదివి నేను సాధించిన సంభాషణ ఇది. అడిగితేనే మాట్లాడాలని అక్కడ నేర్పారు. ఈ ఉద్యోగానికి నన్ను తీసుకున్నది కూడా అందుకేనట. పెద్దాయన అడుగుతాడు, నేను జవాబు చెబుతాను. మా ఇద్దరికీ బాగా కుదిరింది.

నమోదు 2

గనిలో తీగలు లాగే గురవయ్య భార్య తిరపతమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఇంకా రెండు నెలలు ఉండగానే.

ఊళ్ళో ఉన్న ఒకే ఒక నర్సు హుస్సేన్‌బీ. అందరం బీబమ్మ అంటాం. పిల్లను చూపించకుండానే గుమ్మంలో నిలబడి ఊరిని తిట్టింది.

"ఈ పిల్లకి వెచ్చదనం కావాల. ఆడేగాలి కావాల. ఊపిరి మరిచిపోయినప్పుడల్లా గోల చేసేది ఒకటి కావాల. కంపెనీ వాళ్ళు నాకేం ఇచ్చారు? వేళ్ళు తెగినోళ్ళకి కట్టే గుడ్డలు ఇచ్చారు. రాళ్ళు కోసేవోళ్ళకి పిల్లలు పుట్టరనుకున్నారు కాబోలు."

మావాళ్ళు ఆలోచించడానికి ఆగలేదు. పిచ్చయ్య బాబాయ్ టీ కొట్లోని హీటరు ఊడబెరుక్కొచ్చాడు. సామ్రాజ్యం అత్త "మళ్ళీ టీ గ్లాసులు ఎగరేయొద్దు" అంటూనే తన కొట్టం పంకా తెచ్చింది. మూడోదానికి అందరూ నావైపు చూశారు.

నా దగ్గర కునుకు కాపలా ఉంది. చెప్పుకోవడానికి సిగ్గు గానీ, దాని కథ ఇది. నేను చదువుతూ చదువుతూ నిద్రపోయి దీపం వృథా చేస్తున్నానని పెద్దాయన ఒకసారి నా చదువు దీపానికి కరెంటు ఆపేశాడు. కంపెనీని బతిమాలితే ఈ పరికరం పంపారు. మనిషి కదలిక ఆగిందంటే నిద్రపోయిందని లెక్క, దీపం ఆర్పేస్తుంది. ఇది తగిలించి ఉన్నంతకాలమే నాకు దీపం. గురవయ్య దాని తీగ మార్చి, కదలిక ఆగితే గంట మోగేలా చేశాడు. మూడింటినీ గాజు పెట్టెకు బిగించి, మరలు తిప్పి, హీటరును గోరువెచ్చకు తెచ్చాడు. ఇళ్ళ బ్యాటరీల్లో మిగిలినదంతా ఆ పెట్టెకే ఇస్తున్నాం. తెల్లవారేదాకా వస్తే గొప్ప.

నేను ఇంటికి వచ్చి చాలాసేపు గర్వపడ్డాను. ఒక ప్రాణాన్ని నా బద్ధకం కాపాడుతోంది. చీకట్లో కూర్చుని గర్వపడ్డాను, ఎందుకంటే దీపం లేదు.

నమోదు 3

ఇవాళ ఆఫీసులో మేలుకొలుపుకు సిద్ధపడుతూ ప్రతి పరికరం పాత పద్ధతీ ఒకసారి చదివాను. ఇది ఏటా ఒకసారి చేస్తే చాలు. నేను ప్రతిసారీ చేస్తాను. చెప్పానుగా, చదవడానికి ఏదైనా దొరికితే వదలను.

టీ కొట్టు హీటరు: లేవగానే నీళ్ళు మరిగించాలి. పుట్టగొడుగుల పంకా: గంటకోసారి పూర్తి వేగం. కునుకు కాపలా: కదలిక ఆగితే సరఫరా ఆపాలి.

మూడుసార్లు చదివాను. పెద్దాయన లేవగానే గురవయ్య తిప్పిన మరలన్నిటినీ తన పాత పద్ధతికి తిప్పేస్తాడు. గోరువెచ్చటి పెట్టె మరుగుతుంది, పంకా సుడిగాలి వదులుతుంది. అంతకుముందే పిల్ల నిద్రపోతే పెట్టె ఆగిపోతుంది. మూడింట్లో ఏది ముందు జరుగుతుందన్నది పిల్ల అదృష్టం. నాలుగోసారి కూడా చదివాను. అర్థం కాక కాదు. చదవడం ఆపితే లేచి వెళ్ళి ఎవరికైనా చెప్పాల్సి వస్తుందని.

బీబమ్మ గుమ్మం దగ్గర దగ్గాను.

"ఆ దగ్గేదో లోపలికొచ్చి దగ్గు తల్లీ. ఏంది, మొహం అట్టా పెట్టావు?"

చెప్పాను. మధ్యలో గంట మోగింది. ఆమె వింటూనే పెట్టెలో చెయ్యి పెట్టి పిల్ల అరికాలు గిల్లింది. గంట మోగడం ఆగింది.

"పెట్టె పీకేసి తల్లి రొమ్ము మీద పెట్టుకుంటే?" అన్నాను.

"కాసేపయితే పెట్టుకోవచ్చు. ఇప్పుడు చూశావుగా, నీతో మాట్టాడే లోపల ఒకసారి ఊపిరి మరిచింది. రెండు వారాలు కన్ను మూయకుండా ఎవురు చూస్తారు? నేనా, నువ్వా? నువ్వు దీపం కిందే నిద్రపోతావు."

ఆఫీసుకు తిరిగి వచ్చి నిబంధనలు మొత్తం తిరగేశాను. దారి ఒకటే ఉంది. లేచినప్పుడు తెలిసిన వస్తువు ఏదైనా ఏ తీగ చివరా కనిపించకపోతే పెద్దాయన అడుగుతాడు: వెతకాలా, తొలగించాలా అని. సొంతదారు స్వయంగా వచ్చి తొలగించమని చెబితే ఆ వస్తువును శాశ్వతంగా మరిచిపోతాడు. అప్పుడు మూడూ కలిపిన పెట్టెను ఒకే తీగకు తగిలిస్తే, అది ఆయన కంటికి కొత్త పరికరం. కొత్తదానికి కొత్త పద్ధతి చెప్పుకోవచ్చు.

ఒక్కటే మెలిక. తొలగించినది మళ్ళీ చేర్చడు. దానికి బదులుగా భూమి నుంచి ఇంకొకటి వచ్చేదాకా టీ కొట్టుకు పొయ్యి లేదు, కొట్టానికి గాలి లేదు. ఓడ రావడానికి ఏళ్ళు పడుతుంది. ఒక చీకటికి చేబదులిచ్చిన వాళ్ళను ఎప్పటికీ వదులుకోమని అడగాలి. హాస్టల్లో రెండోసారి సాంబారు వెయ్యమని అడగలేక సగం కడుపుతో పెరిగిన మనిషి అడగాలి.

నమోదు 4

పిచ్చయ్య బాబాయ్ కొట్లో మూడు టీలు తాగాను. హీటరు లేదు కనుక అవి చల్లటి టీలు. ఆకును చన్నీళ్ళలో పూటంతా నానేసి ఇస్తున్నాడు. తాగిన వాళ్ళు ఆయన పూర్వీకులను తలుచుకుంటున్నారు.

నాలుగోది పోయబోతుంటే దగ్గాను.

"టీ వల్లేనమ్మా ఆ దగ్గు. ఇంకొంచెం ఓపిక పట్టు, రేపో ఎల్లుండో తెల్లారుద్ది, నా హీటరు నాకొస్తది, పొగలు కక్కే టీ ఇస్తా."

"రాదు బాబాయ్" అన్నాను.

"ఏంది?"

"హీటరు. రాదు. ఇంకెప్పటికీ."

మిగతాది ఎలా చెప్పానో గుర్తులేదు. వాక్యాలు వెనకనుంచి ముందుకు వచ్చాయి. ముందు ఓడ గురించి చెప్పాను, తర్వాత మరగడం, చివరికి పిల్ల. ఆయన గ్లాసు తుడుస్తూ విన్నాడు. తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచాడు.

"ఈ టీ అంత చెండాలంగా ఉందా?" అని అడిగాడు.

అబద్ధం ఆడకూడదని కాన్వెంటులో నేర్పారు. నేను గోడ వైపు చూశాను.

"సరేలే. తాగేవోళ్ళు అలవాటు పడతారు. కాదంటే మానేస్తారు. నేనెక్కడికి రావాల, ఎన్నింటికి?"

ఇంత తేలికగా పని అవుతుందని అనుకోలేదు. దారిలో నాకు నేనే ఉపన్యాసాలు ఇచ్చుకుంటూ, మాటకారిని అయిపోయానని మురుస్తూ సామ్రాజ్యం అత్త కొట్టానికి వెళ్ళాను. అక్కడ దగ్గలేదు కూడా. నేరుగా, మొదటినుంచి చివరిదాకా, వరసలో చెప్పాను.

"ఇవ్వను" అంది అత్త.

నేను దగ్గాను.

"దగ్గితే ఇస్తానా? అమ్మాయ్, ఈ బిలంలో కూర అంటే నా పుట్టగొడుగులే. పంకా లేకపోతే వారంలో బూజు పడతాయి. అప్పుడు ఊరంతా ఏం తినుద్ది, నీ పుస్తకాలా? ఒక చీకటికి ఇచ్చా. పిల్లంటే నాకూ పానమే. మరి మిగతా ఊరి సంగతేంది? వాళ్ళవి పానాలు కావా?"

ఆమె చెప్పింది నిజం. ఇంటికి వచ్చేశాను.

నమోదు 5

ఎంత ఆలోచించినా ఆమె మాటే నిజంగా తోచింది. ఇది చాలా ఇబ్బంది. ఎదుటివాళ్ళది తప్పయితే కనీసం వాళ్ళమీద కోపంతోనైనా రెండు మాటలు వస్తాయి.

మళ్ళీ వెళ్ళాను. అత్త పుట్టగొడుగుల అరల మధ్య నిలబడి రేకు మూతతో విసురుతోంది. చెమటతో చీర వీపుకు అంటుకుపోయింది. పంకా పిల్ల పెట్టెకు ఇచ్చిన దగ్గరనుంచీ ఆమె ఇలా చేతులతో విసురుతూనే ఉందని నాకు అప్పుడు తెలిసింది.

"చెయ్యి నొప్పి పుట్టడం లేదా అత్తా?"

"పుట్టదా మరి? తెల్లారితే నా పంకా నాకొస్తదని విసురుతున్నా. ఎప్పటికీ రాదంటే ఈ చెయ్యి లేవదు." ఆగి నావైపు చూసింది. "ఒకటి అడుగుతా చెప్పు. మూడోది నీదేగా. అది నువ్వు ఇస్తన్నావా?"

ఇక్కడ నిజం రాయాలి, ఎవరూ చదవరు కనుక. నా కునుకు కాపలా విషయంలో నేను వేరే ఏర్పాటు చూసుకుంటున్నాను. దాని బదులు గని తలుపు గంటను పెట్టెకు బిగించవచ్చేమో అని గురవయ్యను అడగాలని, అడగడానికి మంచి సమయం కోసం చూస్తున్నాను. పొయ్యిని వదులుకోమని ఒకరిని, పంటను వదులుకోమని ఇంకొకరిని అడిగి, నా దీపాన్ని మాత్రం కొంగు కింద దాచుకున్నాను.

"ఇస్తున్నాను" అన్నాను. అనేదాకా నాకూ తెలియదు.

"మరి చదువు?"

"దీపం ఉండదు. చదవలేను."

అత్త చేతిలోని రేకు మూత నా చేతిలో పెట్టింది.

"అయితే నీకు పొద్దుపోవద్దూ? రోజూ రెండు పూటలా వచ్చి విసురు. మూడో పూట గని నుంచి వచ్చినోళ్ళని పట్టుకొచ్చి నేను విసిరిస్తా. నువ్వు మానేసిన రోజు పెద్దాయన దగ్గరికే వచ్చి గొడవ పెట్టుకుంటా. సమ్మతమేనా?"

సమ్మతమేనన్నాను. "అట్టా కాదు, మణికట్టు తిప్పు" అంది.

నమోదు 6

తెల్లవారింది. ఇది ఆ తర్వాత రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతున్నాయి. కొంత భయం, కొంత రేకు మూత.

ఆఫీసు గదిలో నలుగురు పడతారు. ఎనిమిది మందిమి ఉన్నాం. అక్కడికే తెచ్చిన పెట్టె తీగ పీకి గురవయ్య చేతిలో పట్టుకున్నాడు. పిల్ల దుప్పట్ల కింద తిరపతమ్మ రొమ్ము మీద ఉంది. బీబమ్మ దుప్పటి లోపల చెయ్యి పెట్టి కూర్చుంది.

పలకలు వెలిగాయి. పెద్దాయన గొంతు సవరించుకున్నట్టు గరగరమన్నాడు. ఆయనకు తెలుగు ఎవరు నేర్పారో గానీ గ్రాంథికం తప్ప రాదు.

"శుభోదయము. గుమాస్తా ఉన్నారా?"

"ఉన్నాను."

"వినబడలేదు."

"ఉన్నాను!" పిచ్చయ్య బాబాయ్ ఉలిక్కిపడ్డాడు. నా గొంతు ఆ ఎత్తున ఉంటుందని నాకూ తెలియదు.

"టీ కొట్టు హీటరు కనబడలేదు. వెదకవలెనా, తొలగించవలెనా?"

"తీసెయ్యి పెద్దాయనా" అన్నాడు బాబాయ్. "తొలగించు. నేను పిచ్చయ్యని."

"తొలగించితిని. పుట్టగొడుగుల పంకా కనబడలేదు."

"తొలగించు. సామ్రాజ్యాన్ని. నీకు తెలవదూ నా గొంతు?"

"తొలగించితిని. కునుకు కాపలా కనబడలేదు."

"తొలగించండి" అన్నాను. "చదువు దీపము కూడ తొలగును" అన్నాడు. అంత వివరంగా చెప్పక్కర్లేదు. "తొలగనివ్వండి" అన్నాను.

"తొందరగా కానియ్యండమ్మా" అంది బీబమ్మ మెల్లగా. "చల్లబడతంది. రెండోసారి గిల్లా."

గురవయ్య తీగ తగిలించాడు.

"తెలియని పరికరము కనబడినది. ఇది ఏమి?"

"పిల్లను ఉంచే పెట్టె." హీటరు ఎంత వెచ్చగా ఉండాలో, పంకా ఎంత నెమ్మదిగా తిరగాలో, గంట ఎప్పుడు మోగాలో చెప్పాను. అన్నీ కంఠతా పెట్టాను. కంఠతా పెట్టడం ఒక్కటే నాకు వచ్చిన విద్య.

"ఏ తరగతి?"

ఇది నేను మరిచాను. నిబంధనలన్నీ చదివిన మనిషిని, ఇది మరిచాను. మూడో తరగతికి పగలు సగం సేపే కరెంటు. రెండో తరగతికి గని యంత్రాలు తిరిగినప్పుడల్లా కోత. కోత లేనిది మొదటి తరగతి ఒక్కటే. అందులో ఇప్పటిదాకా మూడే ఉన్నాయి: గాలి, నీరు, పెద్దాయన.

"మొదటి తరగతి" అన్నాను.

పెద్దాయన మళ్ళీ గరగరమన్నాడు. ఆయన ఆలోచిస్తాడని నేను ఎప్పుడూ అనుకోలేదు.

"ఇది ఆగిన యెడల ఎందరికి నష్టము?"

సరైన జవాబు ఒకరికి. ఒకరికి అంటే మూడో తరగతి. తిరపతమ్మ నన్ను చూస్తోంది. పుట్టిననాటినుంచీ ఆ పిల్లను పెట్టెలోంచి తీసి ఎత్తుకోవడం ఆమెకు ఇదే మొదటిసారి.

"ఊరందరికీ" అన్నాను.

"గుమాస్తా వాక్కు చాలదు. వేరొకరు ధ్రువపరచవలెను."

పిచ్చయ్య బాబాయ్ నోరు తెరిచాడు. ఈలోపు సామ్రాజ్యం అత్త మా ఇద్దరినీ మోచేత్తో పక్కకు నెట్టి మైకు దగ్గరికి వచ్చింది.

"నేను చెబుతున్నా రాసుకో. ఊరందరికీ కూర పెట్టేదాన్ని నేను. ఊరికి ఏది నష్టమో ఏది కాదో నాకు తెలిసినంత నీకు తెలవదు. నువ్వు నెలలో సగం రోజులు నిద్రపోతావు. అందరికీ నష్టమే. చేర్చుకో."

"చేర్చితిని" అన్నాడు పెద్దాయన.

హీటరు తీగ ఎర్రబడి, అంతలోనే తగ్గి, గోరువెచ్చగా నిలిచింది. పంకా తిరుగుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా తిరిగింది. బీబమ్మ పిల్లను పెట్టెలో పడుకోబెట్టి, అద్దానికి చెవి ఆనించి చాలాసేపు అలాగే ఉంది. ఆపైన లేచి, గదిలో ఇంతమంది ఎందుకున్నారని అందరినీ తిట్టి బయటికి పంపింది. అది నా ఆఫీసు. నేనూ వెళ్ళిపోయాను.

నమోదు 7

మొదటి తరగతిలో చేర్చితే ఏమేం జరుగుతాయో పూర్తిగా ఆలోచించకుండా చేర్పించాను. గుమాస్తాగా ఇది నా తప్పే, నమోదు చేస్తున్నాను.

మొదటి తరగతి వాటి క్షేమం ఊరందరికీ తెలియాలని నిబంధన. అందుకే పగలంతా గంటకోసారి పెద్దాయన ప్రతి వీధిలో, గని అడుగున, స్నానాల గదిలో కూడా స్పీకర్లలో ప్రకటిస్తాడు. ఇన్నాళ్ళూ గాలి, నీరు అనేవాడు. ఎవరూ వినేవాళ్ళు కాదు. ఇప్పుడు గంట అయ్యేసరికి పిల్ల సంగతి వినడానికి గనిలో కోత యంత్రాలు ఆపేస్తున్నారని కంపెనీ మనిషి ఫిర్యాదు చేశాడు. పెట్టెను రెండో తరగతికి దించమన్నాడు. దించాలంటే ఊరందరికీ నష్టం లేదని ఎవరైనా మైకులో ధ్రువపరచాలని చెప్పాను. ఎవరైనా దొరుకుతారేమో చూసుకోమన్నాను. అతను వెళ్ళాక నేను నా కుర్చీలో కూర్చుని, ఆ మాటలు అన్నది నేనేనా అని కాసేపు ఆశ్చర్యపోయాను.

ఈ పూట కొట్టంలో విసురుతుండగా గంటయింది. నేను చెయ్యి ఆపాను. అత్త ఆపమాకు అనలేదు. ఆమే ముందు ఆపింది.

"గాలి సరిగానున్నది" అన్నాడు పెద్దాయన. "నీరు సరిగానున్నది. పిల్ల ఏడ్చుచున్నది."

"ఆకలేమో" అంది అత్త స్పీకరు వైపు తల ఎత్తి. "ఆ తిరపతమ్మని పిలవయ్యా, ఊరికే చెబుతా కూర్చోకపోతే."